వేళ్ళకు సెలవిచ్చి వీసాకు వెళ్ళాం

ఆషాఢమాసంలో వీసాకు బయల్దేరేవాళ్ళకు ముందుగా ఒక మాట చెప్పేస్తాను. గోరింటాకు జోలికి వెళ్ళకండి. బ్యాంకు కాగితాలు, ఆహ్వానపత్రాలు, ఫొటోల కొలతలు వీటి గురించి చెప్పేవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. గోరింటాకు గురించి మాత్రం మాకెవరూ చెప్పలేదు. ఆ పుణ్యాన నేను నెల తిరక్కుండా రెండుసార్లు హైదరాబాదు వెళ్ళాల్సి వచ్చింది.

మాది మామిడికుదురు పక్క పల్లె. నేను హైస్కూల్లో తెలుగు టీచర్ని. మా చర్చిలో క్రిస్మస్‌కు కోలాటం వేస్తూ నేర్చుకున్న అడుగులు నావి. అవి అడుగులే కావని, గెంతులని, మొదటిసారి మొహమాటం లేకుండా చెప్పినావిడ సత్యవతి పిన్నిగారు. ఆవిడ నాకు చుట్టం కాదు. ఊరందరికీ పిన్నిగారే. పగలంతా కొబ్బరిపీచుతో తాళ్ళు పేనుతారు, సాయంత్రం మా చేత కోలాటం వేయిస్తారు. అరవై దాటాయి. ఇప్పటికీ ఆవిడ వేసే వేగానికి మాకు ఆయాసం వస్తుంది.

మా బృందంలో ఎనిమిదిమందిమి. మా ప్రత్యేకత జడకోలాటం. నడుమ ఒక గుంజ, దాని పైనుంచి వేలాడే ఎనిమిది రంగుల తాళ్ళు, తలా ఒకటి పట్టుకుంటాం. నలుగురు ఒకవైపు, నలుగురు ఎదురువైపు తిరుగుతూ ఒకరి కింద నుంచి ఒకరు దూరుతూ వెళ్తుంటే పైన జడ అల్లుకుంటుంది. వెనక్కి తిరిగితే విడిపోతుంది. ఒక్కరు తగ్గినా లెక్క తప్పి, జడ కాస్తా చిక్కుముడి అవుతుంది. మిగతా బృందాలవాళ్ళు నైలాను తాళ్ళు కొంటారు. మావి పిన్నిగారు సన్నగా పేని, రంగు అద్దిన పీచుతాళ్ళు. ఇంగ్లండులో సముద్రం ఒడ్డునున్న ఒక ఊరివాళ్ళు తమ జానపద కళల ఉత్సవానికి మమ్మల్ని పిలిచింది ఆ తాళ్ళని వీడియోలో చూసే. ఖర్చులు వాళ్ళవే. వీసా తెచ్చుకోవడం మా పని.

మొదటి ప్రయాణం బుధవారం. మధ్యాహ్నం మూడింటికి మామిడికుదురులో బస్సెక్కి, తాటిపాక మీదుగా రాజోలు చేరాం. అక్కడ ఇంకో బస్సు మారి చించినాడ వంతెన దాటితే పాలకొల్లు. ఇటువైపు వాళ్ళు రాజమండ్రి వెళ్ళి రైలెక్కడం కన్నా ఇదే దగ్గర దారి. నర్సాపురం నుంచి వచ్చే రైలు సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో పాలకొల్లులో ఆగుతుంది. స్టేషనుకు ముందే వెళితే బయట దిబ్బరొట్టె వేడివేడిగా దొరుకుతుంది. మేం పులిహోర, పెరుగన్నం కట్టుకున్నాం, అయినా దిబ్బరొట్టె కొనకుండా ఉండలేకపోయాం.

రైల్లో కూర్చున్నాక ఎదుటి బెర్తు ఆవిడ మా చేతుల వంక చూసి నవ్వారు.

"ఏటండీ, అందరూ ఒకే చెట్టు ఆకు పెట్టుకున్నట్టున్నారు?"

"ఆయ్, మా పిన్నిగారి పెరట్లోదేనండి," అంది దుర్గ. మా బృందంలో పాట పాడేది దుర్గే. అందరిలోకీ చిన్నది, ఫోను వ్యవహారాలన్నీ ఆమెవే.

నిజమే. ముందురోజు సాయంత్రం పిన్నిగారు గోరింటాకు రుబ్బి, మా ఎనిమిదిమంది చేతులకూ తానే పెట్టారు. అరచేతిలో చందమామ, పది వేళ్ళకూ నిండుగా టోపీలు. ఆషాఢం కదా, పైగా శుభమా అని వెళ్తున్నాం కదా అనుకున్నాం. నాకు ఆషాఢం పట్టింపు లేకపోయినా కోలాటంలో ఎనిమిది జతల చేతులూ ఒక్కలా కనిపించాలని చెయ్యి చాపాను. పొద్దుటికి ఎర్రగా పండాయి. ఎవరి చేతులు బాగా పండాయో అని పోటీ కూడా పెట్టుకున్నాం.

తెల్లవారాక సికింద్రాబాదులో దిగాం. మా చర్చికి తెలిసిన పాస్టరుగారు వాళ్ళ మేడ మీద గది ఇచ్చారు. స్నానాలు చేసి, ఇడ్లీ తిని, రెండు ఆటోల్లో వీసా కేంద్రానికి చేరేసరికి పదిన్నర. వెళ్ళేవాళ్ళకు ఇంకో మాట. పెద్ద సంచులు లోపలికి రానివ్వరు. మేం కళాకారులమని నిరూపించుకోవాలేమోనని దుర్గ ఎనిమిది జతల కోలాటం కర్రలు మూటగట్టి తెచ్చింది. గుమ్మంలో కాపలా ఆయన మూట విప్పి చూసి, "ఇవెందుకమ్మా, లోపల ఎవర్నైనా కొట్టాలా?" అన్నాడు. ఎదురుగా టీకొట్టు ఆయన్ని బతిమాలి కర్రలు అక్కడ పెట్టాం.

లోపల చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. టోకెన్లు ఇచ్చారు. కాగితాలు చూశారు. అంతా సవ్యంగానే నడిచింది. తర్వాత వేలిముద్రల గది. ఒక చిన్న గాజుపలక, దాని మీద నాలుగేసి వేళ్ళు పెట్టాలి. ముందు వెళ్ళిన దుర్గ చేతులు చూసి అక్కడి అమ్మాయి కుర్చీలో వెనక్కి వాలిపోయింది.

"అమ్మా, వేళ్ళకు ఏ రంగూ ఉండకూడదని ముందే మెయిల్లో రాశాం కదా. మీ అందరికీ ఇలాగే ఉన్నాయా?"

ఎనిమిదిమందిమీ చేతులు వెనక్కి పెట్టుకున్నాం. నా క్లాసులో పిల్లలు హోంవర్కు తేనప్పుడు అచ్చం ఇలాగే నిలబడతారు. ఆ మెయిల్లో బ్యాంకు కాగితాల వరకూ చదివి, మిగతాది ఎప్పుడూ ఉండే గొడవే కదా అని అందరం వదిలేశాం.

ఆ అమ్మాయి మంచిది. తడిగుడ్డతో తుడిపించి, నొక్కించి, మళ్ళీ తుడిపించి, మా ఏడుగురివీ ఎలాగోలా పడేలా చేసింది. పిన్నిగారివి మాత్రం పడలేదు. ఒక్కొక్క వేలూ పెట్టించి చూసింది. మిషను ప్రతిసారీ ఎర్రదీపం వెలిగించింది. పైఅధికారిని పిలిచింది. ఆయనా ప్రయత్నించాడు. చివరికి, రంగు పోయాక ఇంకో తేదీ తీసుకుని రమ్మన్నారు. రెండు వారాల తర్వాతి తేదీ దొరికింది. అప్పుడూ పడకపోతే ఉత్సవం నాటికి వీసా చేతికి రావడం కష్టమని మెత్తగానే చెప్పారు.

బయటికొచ్చి టీకొట్టు బల్ల మీద కూర్చున్నాం. నాకు ఒళ్ళు మండిపోతోంది. ఎవరి మీదో తెలియక గోరింటాకు మీద విరుచుకుపడ్డాను. చదువుకున్నవాళ్ళం ఇంతమందిమి ఉండి ఇదేం పని అన్నాను. అంతవరకూ టీగ్లాసు పట్టుకుని ఊరికే కూర్చున్న పిన్నిగారు అప్పుడు నోరు విప్పారు.

"గోరింటాకు ఆషాఢమని పెట్టలేదండి టీచరుగారూ. నా వేళ్ళు ఏ మిషనులోనూ పడవండి. రేషన్ డిపోలో పడవు, మీ బాబాయిగారే వెళ్ళి తెస్తారు. పాస్‌పోర్టు కాడ కూడా సగమే పడ్డాయి, ఆ అబ్బాయి సర్దుకున్నాడు. పీచు పేనీ పేనీ గీతలన్నీ అరిగిపోయేయండి. పొలం రిజిస్ట్రీకి వెళ్ళినప్పుడు మటుకు వేలికి సిరా రాసేరు, గీతలు చక్కగా పడ్డాయండి. ఎర్రగా పండితే ఈ మిషనుకి కూడా కనపడతాయనుకున్నాను. నా ఒక్కదానికే పెట్టుకుంటే మీరు అడుగుతారని అందరికీ పెట్టేను."

ఆవిడ మమ్మల్ని ముంచాలని చేసిన పని కాదు. సిరా పద్ధతి ఒక్కటే ఆవిడ వేళ్ళను ఎప్పుడూ కాదనలేదు, అందుకని దాన్నే నమ్ముకున్నారు. కాసేపటి క్రితం అరిచినందుకు నాకు సిగ్గేసింది. వెంటనే పట్టుదల కూడా వచ్చింది. సరే, రంగు పోవాలి, గీతలు రావాలి, ఉన్నది రెండు వారాలు. చూద్దాం.

తిరుగురైల్లోనే నిర్ణయాలు జరిగిపోయాయి. పిన్నిగారి వేళ్ళకు సెలవు. పీచు ముట్టుకోకూడదు. అంట్లు, బట్టలు, చింతపండు పిసకడం, కారం నూరడం ఏవీ లేవు. రంగు పోతుందని బూడిదతో తోమకూడదు, అది ఉన్న గీతల్ని కూడా తినేస్తుంది. పొద్దున, సాయంత్రం గోరువెచ్చటి నీళ్ళలో వేళ్ళు నానబెట్టి కొబ్బరినూనె రాసుకోవాలి. ఆవిడ పనులు మేం ఏడుగురం వంతులు వేసుకున్నాం. పీచు కొట్టుకు ఇవ్వాల్సిన తాళ్ళు కూడా మా వాళ్ళే మొరటుగానో నీటుగానో పేనారు.

ఒక్కదానికి మాత్రం ఆవిడ ఒప్పుకోలేదు. ఉత్సవం కోసం కొత్తగా ఎనిమిది తాళ్ళు పేనడం ముందే మొదలుపెట్టారు. ఏడు అయ్యాయి. ఎనిమిదోది మేం పేనుతామంటే వద్దన్నారు.

"జడలో ఒక తాడు లావైనా పైన కుదురు రాదండి. అది వేలిముద్రలిచ్చి వచ్చేక నేనే చేసుకుంటాను."

నాలుగో రోజున వాళ్ళింటికి వెళితే బాబాయిగారు అరుగు మీద దిగులుగా కూర్చుని ఉన్నారు. కొబ్బరి దింపు పని చేసే మనిషి, ఊరికే కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"పెళ్ళయ్యేక ఈవిడ చేతులు ఊరుకోవడం ఇదే మొదలండి టీచరుగారూ. ఇంట్లోకి ఎవరో కొత్తావిడ వచ్చి కూర్చున్నట్టు ఉందండి. ఏం మాట్లాడాలో తెలవట్లేదు," అన్నారు.

ఆ కొత్తావిడ ఇంట్లో లేరు. దొడ్డివైపు వెళితే, అరటిచెట్ల వెనక పీట వేసుకుని పీచు చీలుస్తూ దొరికారు. నన్ను చూసి చప్పున కొంగు కింద దాచుకున్నారు.

"పిన్నిగారూ!"

"రెండు పోగులేనండి. చేతులు ఊరుకోవట్లేదండి, ఏం చెయ్యమంటారు?"

గట్టిగానే కేకలేశాను. నా కేకలకు ఆవిడ బెదరలేదు గానీ ఆ రోజే వచ్చిన ఇంకో కబురు ఆవిడ అప్పటికే విన్నట్టున్నారు. పిన్నిగారి వేళ్ళ సంగతి దుర్గ రాస్తే ఉత్సవంవాళ్ళు జవాబుగా మెయిల్ పెట్టారు. ఎనిమిదో మనిషికి ఇబ్బంది అయితే, అక్కడే ఉంటున్న ఒక తెలుగమ్మాయికి కోలాటం వచ్చునట, ఆమెను కలుపుకోవచ్చట. వాళ్ళు మంచిగానే రాశారు. దుర్గ నాకన్నా ముందు పిన్నిగారికి చదివి వినిపించింది.

"ఆ అమ్మాయిని పెట్టుకోండి. అక్కడ పిల్లే కదా, చక్కగా చేస్తాది. నా మూలాన ఏడుగురి దారీ మూసుకుపోకూడదు," అన్నారు పిన్నిగారు. ఈసారి గొంతులో కొంటెతనం లేదు.

నాకు కోపం, ఏడుపు రెండూ వచ్చాయి. "అలాగేనండి, మీరు రావద్దు. నేనూ రాను. ఎనిమిదిలో రెండు పోతే ఆరు. ఆరు తాళ్ళతో జడ పడుతుంది కదా, ఆ అమ్మాయి కూడా అక్కర్లేదు. వాళ్ళనే వెళ్ళి అల్లుకోమనండి," అన్నాను.

ఆవిడ లేచి, పీచు గంపలో వేసి, నూతి దగ్గర చేతులు కడుక్కుని నూనె గిన్నె తెచ్చుకున్నారు. ఆ పూట నుంచి మళ్ళీ ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. ఉత్సవంవాళ్ళకు దుర్గ చేత ఒకే వాక్యం రాయించాను, మా ఎనిమిదిమందిమే వస్తాం అని.

రెండో ప్రయాణం మేమిద్దరమే. అదే మూడింటి బస్సు, అదే రైలు. రాజోలు దాటాక జల్లు మొదలైంది. చించినాడ వంతెన మీద నుంచి చూస్తే గోదావరి ఎర్రనీరు ఒడ్డుల నిండా పారుతోంది. పిన్నిగారు కిటికీ రెక్క దించబోతే నేనే దించాను. ఆవిడ చేతులకు మెత్తటి నూలుగుడ్డ చుట్టి ఉంది, నూనె చీరకు అంటకుండా.

రైల్లో ఎదురుగా ఉప్పలగుప్తం నుంచి వచ్చిన రొయ్యల చెరువుల ఆసామి కూర్చున్నాడు. గుడ్డలు చూసి ఆగలేకపోయాడు.

"చేతులు కాలేయాండి, పాపం?"

"లేదండి, సెలవిచ్చేం," అన్నారు పిన్నిగారు.

విషయం చెప్పాను. ఆయన పగలబడి నవ్వి తన చేతులు చాపాడు. "నావీ అంతేనండి. చెరువులో సున్నం కలిపీ కలిపీ తోలు ఊడిపోయింది. బ్యాంకులో మిషను నన్ను మనిషి కింద లెక్కెయ్యలేదు. మా మేనేజరుగారు ఎదురుగా కూర్చుని టీ ఇచ్చి, నువ్వు నువ్వే అని రుజువేంటయ్యా అంటాడు!"

పిన్నిగారు కూడా నవ్వారు. ఇంటి దగ్గర బయల్దేరాక అదే మొదటి నవ్వు. రాత్రి భోజనానికి నేను పెరుగన్నం ముద్దలు కలిపి ఆవిడ నోట్లో పెడుతుంటే, ఆయన మొహమాటపడి పక్కకు తిరిగి పడుకున్నాడు.

ఈసారి పాస్టరుగారింట్లో కాఫీ తాగి తొమ్మిదింటికే కేంద్రం దగ్గరున్నాం. కాపలా ఆయన గుర్తుపట్టాడు. "కర్రలేవమ్మా?" అన్నాడు. వేళ్ళు పడితే తెచ్చి ఆడి చూపిస్తామన్నాను. పెద్దావిడ కదా అని నన్ను తోడు పంపించారు.

గదిలో అదే అమ్మాయి. పిన్నిగారి వేళ్ళు తిప్పి చూసింది. గోళ్ళ మీద ఎరుపు ఇంకా అలాగే ఉంది, వేళ్ళ కొసల మీద మాత్రం పలచబడి లేతగా ఉంది. నూనె తుడిచి, కుడిచెయ్యి నాలుగు వేళ్ళూ పెట్టమంది.

ఎర్రదీపం.

మళ్ళీ పెట్టారు. మళ్ళీ ఎర్రదీపమే. అప్పుడు ఆ అమ్మాయి, "అమ్మా, వేళ్ళు దొర్లించకండి, ఊరికే పెట్టండి," అంది. అప్పటిదాకా నేను చూడలేదు. పిన్నిగారు రిజిస్ట్రీలో సిరావేలు కాగితం మీద దొర్లించినట్టే గాజు మీద వేళ్ళను గట్టిగా అదిమి పక్కకు తిప్పుతున్నారు. చెబితే వింటున్నారు, తలూపుతున్నారు, పెట్టగానే మళ్ళీ చెయ్యి దానంతటదే తిరుగుతోంది. నుదుటి మీద చెమట పట్టింది. వెనక ఇంకా చాలామంది ఉన్నారు. ఆ అమ్మాయి గడియారం చూసింది.

నేను పక్కకు వెళ్ళి నిలబడ్డాను. "పిన్నిగారూ, మాకు మొదటిరోజు ఏం నేర్పారు? ఎదుటివాళ్ళ కర్రను కొట్టకూడదు, మన కర్ర తగలనివ్వాలి అన్నారు కదా. ఇప్పుడు అలాగే తగలనివ్వండి."

ఆవిడ ఒకసారి నా వైపు చూశారు. కళ్ళు మూసుకున్నారు. పెదవులు కదిలాయి, కోలాటం వరసే లెక్కపెట్టుకున్నారని తర్వాత చెప్పారు. నాలుగు వేళ్ళూ గాజు మీద ఆనించి వదిలేశారు.

పచ్చదీపం.

ఎడమచెయ్యి. కాసేపు ఆలోచించి, పచ్చదీపం. రెండు బొటనవేళ్ళూ కలిపి పెట్టమన్నారు. ఒకటి పడింది, రెండోది పడలేదు. తుడిచి, గుడ్డతో కాస్త వేడి చేసి పెడితే అదీ పడింది. ఆ అమ్మాయి చప్పట్లు కొట్టబోయి, చుట్టూ చూసి మానేసింది. నేను మాత్రం ఏడ్చేశాను. అంతమందిలో, ముక్కు ఎగబీలుస్తూ, మా ఏడో క్లాసు పిల్లలు చూస్తే పరువు పోయేంతగా ఏడ్చాను. పిన్నిగారు తన చేతులు తాను ముందెప్పుడూ చూడనట్టు తిప్పి తిప్పి చూసుకుంటూ, "ఉన్నాయన్నమాట," అన్నారు.

తిరుగు ప్రయాణంలో ఆ రాత్రి ఇద్దరం ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాం. పొద్దున్నే పాలకొల్లులో దిగి, టీ తాగి, రాజోలు బస్సెక్కాం. వాన వెలిసి ఎండ కాస్తోంది. వంతెన రాకముందే పిన్నిగారు సంచి విప్పి, చీరల అడుగు నుంచి నానబెట్టి ఆరబెట్టిన పీచు కట్ట ఒకటి తీశారు. రెండు రోజుల ప్రయాణానికి కూడా అది లేకుండా బయల్దేరలేదన్నమాట. పని అయిపోయింది కదా, పేనుకోనీ అనుకున్నాను.

రెండు పోగులు తీసి అరచేతిలో పెట్టుకుని ఆవిడ ఆగిపోయారు.

"అక్కడ దిగేక మళ్ళీ వేలు పెట్టమంటారాండి?"

లేదు అనేస్తే ఆవిడ సంతోషంగా పేనుకునేవారు. "పెట్టమంటారటండి. ఆ దేశంలో అడుగు పెట్టేచోట మళ్ళీ చూస్తారట," అన్నాను.

"ఆయ్," అన్నారు. పీచు కట్ట తీసి నా ఒళ్ళో పెట్టి, తన చేతులు రెండూ కొంగులో చుట్టేసుకున్నారు.

"అయితే ఎనిమిదో తాడు మీరు పేనండి."

"నేనా? నాకేం వచ్చు? లావైతే కుదురు రాదన్నారుగా?"

"నేను చెప్తానుగా. ముందు పురి ఇటు కాదండి, అటు తిప్పండి. అబ్బే, అంత గట్టిగా నలిపేస్తే ఎలాగండి, అది పిల్లల చెవి కాదు. తగలనివ్వండి."

కండక్టరు వచ్చి టికెట్టు అడిగితే పీచు వదల్లేక మోచేత్తో సంచి చూపించాను. రాజోలులో బస్సు మారి తాటిపాక వచ్చేసరికి మూరెడు తాడైంది. ఒకచోట లావు, ఒకచోట సన్నం. మొత్తం మీద వంకర. వేళ్ళ కొసలు మండిపోతున్నాయి. ఆవిడ దాన్ని ముట్టుకోకుండా, తల వంచి ఆ కొస నుంచి ఈ కొసకు చూశారు.

"బాగానే ఉందండి. ఇది నేను పట్టుకుంటాను. వంకర ఎక్కడుందో నాకే తెలుస్తాది కాబట్టి నా చేతిలో సర్దుకుంటాది," అన్నారు.

ఇది రాస్తున్నప్పటికి ఎనిమిది పాస్‌పోర్టులూ వీసాలతో సహా నా బీరువాలో ఉన్నాయి. వచ్చే వారమే ప్రయాణం. ఎనిమిదో తాడు పూర్తయింది, రంగూ ఆరింది. ఈ యాత్రలో నాకు తెలిసొచ్చింది ఒక్కటే. మిషను పచ్చదీపం వెలిగించడానికి అర నిమిషం పట్టింది గానీ, ఆవిడ చేతులు ఊరుకోవడానికి మా ఏడుగురి చేతులూ పనిచెయ్యాల్సి వచ్చింది. పిన్నిగారి వేళ్ళకు ఇంకా సెలవే. ఆ దేశం గుమ్మం దాటేవరకూ ఆవిడకు ముద్దలు కలిపి పెట్టే వంతు రేపు దుర్గది, ఎల్లుండి నాది.